రాజభాగము ఎవరిచ్చినది?



ధాన్యము కళ్ళములో నుండగానే రాజభాగమెంతయని లెక్క కట్టుట మన దేశమున తరతరములు జరిగిన పని. ఆ భాగ మడుగు హక్కు రాజున కెవరిచ్చిరి? రాజ్యమనునది అసలెట్లు పుట్టినది? ప్రశ్న చిన్నదిగనే తోచును. కాని భీష్ముడంతటివాడు అంపశయ్యపైనుండి దీనికి ఒకటి గాదు, రెండు కథలు చెప్పెను.

శాంతిపర్వమును తిక్కన సోమయాజి తెనిగించెను గనుక ఆ కథలు మనవారికి క్రొత్తవి కావు. సంస్కృత మూలమున నున్న బేరము మాత్రము నిదానముగా చూడదగినది. రాజు లేని కాలమున పెద్దచేప చిన్నచేపను మ్రింగునట్లు బలవంతులు బలహీనులను మ్రింగిరి. దీనినే మత్స్యన్యాయ మందురు. ప్రజలు తమలో తాము కొన్ని కట్టుబాట్లు చేసికొని, పిదప బ్రహ్మ కడకేగి ప్రభువును వేడిరి. బ్రహ్మ మనువును చూపెను. మనువు ఒప్పుకొనలేదు. బొంకులాడు మనుష్యుల నేలుట క్రూరమైన పనియని జంకెను. అంతట ప్రజలు, పాపము చేసినవారిదే యగుననిరి; పశువులలోను బంగారములోను 50వ వంతు, ధాన్యములో 10వ వంతు ఇత్తుమనిరి; తమ పుణ్యములో నాలుగవ పాలు కూడ నీదే యనిరి. చూపినవాడు దేవుడే యైనను, జీతము కట్టినవారు ప్రజలు!

బౌద్ధుల దీఘనికాయములోని అగ్గఞ్ఞ సుత్తమున దేవుడు చూపుట యనునదే లేదు. వరి తనంత తానే పండుచుండెను. ఏ పూట కా పూట తెచ్చుకొనువారు సోమరితనముచే దాచిపెట్ట మొదలిడిరి. పంట తరిగెను. పొలములకు గట్లు పడెను. గట్టు పడిన పిమ్మట గదా దొంగతనము! ఒకడు తన పాలు దాచుకొని పొరుగువాని పాలు తినెను. మందలించి విడిచిరి, మరల తినెను, తుదకు కొట్టిరి. ఇట్లు నింద, అబద్ధము, దండన అన్నియు ఒక గట్టు వద్దనే పుట్టినవి. అప్పుడు తమలో యోగ్యుని ఎన్నుకొని, వరిలో కొంత భాగ మిత్తుము, తప్పుచేసినవానిని నీవు శిక్షింపుమనిరి. అతడే మహాసమ్మతుడు. ఆస్తినుండి రాజ్యము పుట్టెనని 1884లో ఎంగెల్సు కూడ వ్రాసెను; అయితే ఆయన మతమున అది అందరి సమ్మతి వలన గాక, ఆస్తిపరుల మేలుకొరకు ఏర్పడినది.

మనువు కథను కౌటిల్యుడును చెప్పెను. ఎవరి నోట? 1909లో మైసూరున శామశాస్త్రిగారు వెలువరించిన అర్థశాస్త్రమున అది వేగులవారి ప్రకరణములో నున్నది! తీర్థములలో, సభలలో, జనము కూడిన చోట్ల ఇద్దరు వేగులు తగవులాడవలెనట. రాజు పన్నులతోను దండుగులతోను పీడించుచున్నాడని ఒకడు దూరవలెను. రెండవవాడు మనువు కథ చెప్పి, ధాన్యములో 6వ వంతు రక్షణకు ప్రతిఫలమని, రాజును అవమానింపరాదని సర్దిచెప్పవలెను. ప్రజల ఒప్పందము తుదకు పన్ను వసూలుకు పనిముట్టైనది. నవ్వు వచ్చును గాని, నవ్వి విడువదగిన మాట కాదు.

పాశ్చాత్యులలోను ఇదే పెనుగులాట. 1651లో హాబ్సు, ప్రజలు తమలో తాము ఒడంబడిక చేసికొని అధికారమంతయు ప్రభువున కొప్పగింతురనియు, ప్రభువు ఆ ఒడంబడికలో పక్షము కాడు గనుక దానిని తప్పెనని యనరాదనియు వాదించెను. నమ్మకము చెడిన అధికారము ప్రజలకే తిరిగి వచ్చునని లాకు. అది ఒరులకు బదిలీ చేయదగినదే కాదని 1762లో రూసో. హ్యూము మాత్రము 1748లోనే, చరిత్రకెక్కిన రాజ్యములలో దాదాపు అన్నియు కత్తితోనో కాజేతతోనో వచ్చినవేయని తేల్చెను. ఆయన మాటయే ఎక్కువ నిజము. అయినను గెలిచినవాడు కూడ సమ్మతి కథ చెప్పుకొనక తప్పలేదు. 8వ శతాబ్దిలో మత్స్యన్యాయమును తొలగించుటకై ప్రజలు గోపాలుని రాజును చేసిరని వంగదేశపు ఖాలింపూరు శాసనము చెప్పుచున్నది. ఆ శాసనము గోపాలుని కొడుకు ధర్మపాలునిదని మరువరాదు.

ఊరి అధికారము సంగతి వేరు. తమిళదేశమున ఉత్తరమేరూరు గుడిగోడలపై పరాంతక చోళుని కాలమున, 919, 921 సంవత్సరములలో, సభ్యుల నెన్నుకొను పద్ధతి చెక్కబడినది. 30 వాడలు. పేర్లు వ్రాసిన తాటాకు చీట్లు కుండలో వేసి, ఒక బాలునిచేత తీయింతురు. అది బ్రాహ్మణ సభ. పన్ను కట్టు భూమియు సొంత ఇల్లును గలవారికే అర్హత. కూలివారికి, స్త్రీలకు ఆ కుండలో చీటి లేదు. మన దేశమున పంచాయతీలలో స్త్రీలకు మూడవ వంతుకు తగ్గకుండ స్థానములు రాజ్యాంగముచే ఏర్పడుటకు 1993 రావలసి వచ్చినది. కాని ఆ శాసనములో ఒక నిబంధన గలదు: పూర్వము సంఘములో పనిచేసి లెక్కలు అప్పగింపనివాని పేరు కుండలో వేయరాదు, వాని బంధువుల పేర్లును వేయరాదు.