ఓడ వస్తేనే బియ్యం: అండమాన్ దీవుల సంగతి



ఈ పొద్దు అండమాన్ దీవుల గురించి మాట్లాడుకుందాం. దీవి అంటే ఏంది? నాలుగు పక్కలా నీళ్ళున్న నేల. చెరువు నిండినప్పుడు నడుమ తిప్ప మిగుల్తుంది కదా, అట్లాంటిదే. అయితే ఇక్కడ ఉండేది చెరువు కాదు, బంగాళాఖాతం.

గోడ మీద పటం చూడండి. మన ఆలూరు ఈ మూల ఉంది. తూర్పుకు పోతే సముద్రం. దాంట్లో చాలా దూరాన, నిలువుగా చుక్కలు చుక్కలుగా కనపడేవే ఆ దీవులు. పైవి అండమాన్, కిందివి నికోబార్. చిన్నా పెద్దా కలిపి 836 అని లెక్క. మనుషులు కాపురముండేవి ముప్పై చిల్లర. ఇది రాష్ట్రం కాదు, కేంద్రపాలిత ప్రాంతం. ముఖ్యమంత్రి ఉండడు. పెద్ద ఊరు పోర్ట్ బ్లెయిర్. 2024లో దాని పేరు శ్రీ విజయపురం అని మార్చారు.

మనం పోవాలంటే గుంతకల్లులో రైలెక్కి చెన్నై చేరాలి. అక్కడ ఓడెక్కితే ఇంచుమించు మూడు రోజులు. చుట్టూ నీళ్ళు తప్ప ఏమీ కనపడదు.

వాన సంగతి వింటే మీకు ఆశ్చర్యం. మన పక్క ఏడాదికి 600 మిల్లీమీటర్లు కురిస్తే సంతోషపడతాం. అక్కడ 3000 దాకా కురుస్తుంది. అంటే అయిదింతలు! అయినా ఎండాకాలంలో శ్రీ విజయపురంలో తాగే నీళ్ళకు కటకట. బిందెలు పట్టుకొని ఎదురుచూసే బాధ మనకొక్కరికే అనుకోకండి. నేల సన్నంగా ఉంటుంది, కొండలు నిటారుగా ఉంటాయి. పడిన వాన పడినట్టే సముద్రంలోకి జారిపోతుంది. ఆపడానికి పెద్ద నదులు లేవు, చెరువులు తక్కువ. సముద్రం నీళ్ళు ఉప్పు. ధనిఖారి అనే చోట ఆనకట్ట కట్టి ఆ ఊరికి నీళ్ళిస్తున్నారు.

పంటల్లో కొబ్బరి, వక్క ముఖ్యం. వరి కొంత పండుతుంది, అందరికీ చాలదు. బియ్యం, పప్పు, ఉల్లిగడ్డ, సిమెంటు, అన్నీ ఓడలోనే రావాలి. కరెంటు కూడా ఎక్కువగా డీజిల్ యంత్రాలతోనే. ఆ డీజిలూ ఓడలోదే. తుఫాను పట్టి ఓడ ఆలస్యమైతే అంగట్లో ధరలు పెరుగుతాయి. చేపలు పట్టడం, సర్కారు కొలువులు, చూడ్డానికి వచ్చే యాత్రికులు, వీటి మీదే చాలామంది బతుకు.

ఆ దీవులకు అసలు సొంతదారులు వేరే ఉన్నారు. ఓంగేలు, జరావాలు, సెంటినలీలు, గ్రేట్ అండమానీలు. నికోబార్లో నికోబారీలు, షాంపెన్లు. సెంటినలీలు బయటివాళ్ళను రానియ్యరు. వాళ్ళ దీవి దగ్గరికి పోవడం చట్టప్రకారం నేరం. 1858లో ఇంగ్లీషువాళ్ళు ఖైదీలను తెచ్చి పెట్టినాక కొత్త రోగాలు వచ్చాయి. వేలల్లో ఉన్న గ్రేట్ అండమానీలు 2011 నాటికి 44 మందే మిగిలారు. వాళ్ళలో బోవా అనే అవ్వ ఉండేది. బో అనే భాష వచ్చిన చివరి మనిషి ఆమే. ఆ భాషలో పలకరించే తోడు లేక చాలా ఏళ్ళు గడిపింది. 2010 జనవరిలో ఆమె పోయింది. ఆ భాషా ఆమెతోనే పోయింది.

2004 డిసెంబరు 26న, ఆదివారం పొద్దున, సునామీ వచ్చింది. నికోబార్ దీవుల్లో వేలమంది చనిపోయారు, కొట్టుకుపోయారు. కొబ్బరి తోటల్లోకి ఉప్పునీళ్ళు వచ్చాయి. దక్షిణం కొసన నేలే కిందికి దిగిపోయింది. కానీ ఓంగేలు సముద్రం తీరు చూసి ముందే మెరక మీదికి పోయారు, బతికారు. వాళ్ళకు అక్షరాలు లేవు గానీ సముద్రాన్ని చదవడం వచ్చు.

ఇక మనవాళ్ళు. 2011 లెక్కల్లో అక్కడ జనం 3 లక్షల 80 వేలు. అందులో నూటికి 13 మంది తెలుగువాళ్ళు, అంటే సుమారు 50 వేలు. ఎక్కువమంది శ్రీకాకుళం, విశాఖ పక్క నుంచి పోయినవాళ్ళు. జంగ్లీఘాట్ అనే చోట తెలుగు మత్స్యకారులు బాగా ఉన్నారు. బెంగాలీలు, తమిళులు, మలయాళీలు, అందరూ కలిసి బజార్లో హిందీ మాట్లాడుకుంటారు.

మనం సుగ్గికి గుంటూరు పక్క పోతాం. మిరపకాయలు కోస్తాం, పని అయినాక బస్సో లారీనో ఎక్కి వస్తాం. ఇంట్లో ముసలివాళ్ళకు జ్వరమంటే తెల్లారేసరికి వచ్చి వాలతాం. అక్కడికి పోతే అట్ల కాదు. ఎవరన్నా మేస్త్రీ అండమాన్లో కూలి ఎక్కువ అని చెప్తే, రానుపోను టికెట్టు ఎవరిది, అడ్వాన్సు ఎట్ల కోస్తారు అని అడగండి. కాగితం మీద రాయించుకొని, ఓపికగా కూడబలుక్కొని చదవండి. ఇంకో మాట. ఆ ప్రాంతం జాబితాలో ఎస్సీ కులాలు ఒక్కటి కూడా లేవు. కొలువు కోసం పోయేవాళ్ళు ఇది తెలుసుకొని పోవాలి.

పోయినవాళ్ళలో చాలామంది అక్కడే ఇండ్లు కట్టుకున్నారు. వాళ్ళ పిల్లలకు తెలుగు మీడియం బడులు కూడా పెట్టారు. ఆ పిల్లలకు బడిలో తెలుగు, వీధిలో హిందీ. సెలవులకు తాత ఊరికి రావాలంటే వాళ్ళూ మొదట ఓడ టికెట్టు దొరికిందా అనే చూసుకోవాలి.