కవియు చిత్రకారుడును కలియని చోట
(కల్లూరు పఠనాలయమున మేము చేసిన ప్రసంగము)



అధివాస్తవికత యను మాట వినినంతనే మన పెద్దలు కొందఱు మొగము చిట్లింతురు. 1924లో పారిసున ఆంద్రె బ్రెటన్ ప్రకటించిన యీ మతము, బుద్ధి వేసిన కట్లు తెంచుకొని స్వప్నమే పలుకవలెనని కోరును. వానకై మింటివంక చూచు మెట్టసీమవారికి స్వప్నములతో నేమి పని యందురా? మన కర్నూలు సీమలోని కేతవరపు రాళ్లపై బొమ్మలు గీచిన ఆదిమానవుడు మనకంటె సుఖముగా బ్రతికెనా?

తెలుగున నీ త్రోవ త్రొక్కినవారు ప్రధానముగా శ్రీరంగమువారు. శ్రీశ్రీగారి గేయములు పత్రికలలోను నోళ్లలోను ఏండ్లతరబడి తిరిగి, 1950లో గాని ‘మహాప్రస్థానము’గా వెలువడలేదు. అందు స్వప్నముకంటె వీథిలోని కేకయే మిన్నగా వినబడును. శ్రీరంగం నారాయణబాబుగారు (1906-1961) స్వప్నమునే గట్టిగా పట్టిరి. ఆయన ‘రుధిరజ్యోతి’ ఆయన కన్నుమూసిన పిమ్మటనే గ్రంథరూపము దాల్చినది! చేతిలో పుస్తకము లేని కవికి శిష్యులెట్లు కలుగుదురు?

జపానున జరిగినది వేఱు. అచట షూజో తకిగుచి (1903-1979) కవియును, కళావిమర్శకుడును తానే. బ్రెటన్ చిత్రకళపై వ్రాసిన గ్రంథమును 1930లోనే జపానుభాషకు తెచ్చెను. కుంచె పట్టిన యువకులకు అది దారి చూపెను. 1941లో అధివాస్తవికతకును సామ్యవాదమునకును చుట్టఱికమున్నదని శంకించి పోలీసులు ఆయనను పట్టుకొని నెలలతరబడి నిర్బంధించిరి. ఫిరంగులుగల ప్రభుత్వము కవి కలకు జడిసినది! యుద్ధానంతర మాయన పగ తలపెట్టలేదు, పని తలపెట్టెను. టోక్యోలోని యొక చిన్న ప్రదర్శనశాలలో పేరులేని చిత్రకారుల నేరి నిలిపెను. 1951లో చిత్రకారులును, తోరు తకెమిత్సు వంటి సంగీతకర్తలును ఆయన నీడన కూడి ‘ప్రయోగశాల’ యను కూటమి కట్టిరి.

మనకు కళావిమర్శకులు లేకపోలేదు. తుమ్మపూడి సంజీవదేవ్‌గారు (1914-1999) చిత్రకారులు, బహుగ్రంథకర్తలు. అట్టి రసజ్ఞులు ఏ దేశముననైన నరుదు. కాని ఆయన చూపు ప్రకృతిసౌందర్యమువైపు, ప్రశాంతివైపు సాగినది, నారాయణబాబుగారిది నెత్తురువైపు. ఎవరిని తప్పుపట్టుటకును కాదు. కవి కలను గోడపై నిలుపు చిత్రకారుడును, ఆ గోడయొద్దకు జనులను పిలిచికొనివచ్చు విమర్శకుడును దొరకకపోవుటచే, మన అధివాస్తవికత పుటలలోనే యుండిపోయినదని మా యభిప్రాయము.

నారాయణబాబుగారి సంపుటమును మావెంట తెచ్చితిమి. దీనిని ఈ బల్లపై నుంచి పోవుచున్నాము. చదివినవారు, బొమ్మలు గీయు కుఱ్ఱవాడెవడైన ఈ యూర నున్నచో వాని చేతికీయుడు.