ఇంట్లో మిగిలిన మందులు

 

జ్వరం తగ్గుతుంది. నాలుగు మాత్రలు మిగులుతాయి. "డబ్బు పెట్టి కొన్నాం, ఎప్పటికైనా పనికొస్తాయి" అని గూట్లో దాస్తాం. అందులో తప్పేముంది అంటారా? చూద్దాం.

మొదటి మాట. కొన్ని మందులు అసలు మిగలకూడదు. డాక్టరు ఐదు రోజులు యాంటీబయాటిక్ వాడమంటారు. రెండు రోజులకే నయమైందని మనం ఆపేస్తాం. అరకొరగా వాడితే క్రిములన్నీ చావవు. మిగిలినవి మొండికేస్తాయి. తర్వాత ఆ మందు వాటి మీద పనిచేయదు. టీబీ మందులైతే మరీ జాగ్రత్త. మాత్రల అట్ట మీద నిలువుగా ఎర్ర గీత ఉందా? డాక్టరు చెప్పనిదే వాడకూడదని దాని గుర్తు.

రెండో మాట. మీ మందు పక్కింటివాళ్లకు ఇవ్వకండి. మీకు పడిన మందు వాళ్లకు పడకపోవచ్చు. కడుపుతో ఉన్న మనిషికి, పసిబిడ్డకు ప్రాణం మీదికి రావచ్చు.

మూడో మాట. తేదీ చదవండి. అట్ట మీద రెండు తేదీలుంటాయి. ముందుది తయారైన తేదీ. తర్వాతిది గడువు తేదీ. గడువు 08/2027 అని ఉంటే 2027 ఆగస్టు నెలాఖరు దాకా వాడొచ్చు. ఆపైన వద్దు. నెల పేరు ఇంగ్లీషులో ఉంటే బడి పిల్లలను అడగండి. అట్ట కత్తిరించేటప్పుడు తేదీ ఉన్న కొసను ఆఖరుదాకా ఉంచండి. నీళ్లలో కలిపిన ఓఆర్ఎస్ ఒక రోజు దాటితే పారబోయండి.

మరి పనికిరాని మందులను ఏం చేయాలి? బావిలో, చెరువులో, కాలవలో వేయకండి. పొయ్యిలో కాల్చకండి. పెంట మీద పారేస్తే పిల్లలు తీపి బిళ్లలనుకుని తింటారు. పశువులు నోరు పెడతాయి.

ముందు ఆశా కార్యకర్తను, నర్సమ్మను అడగండి. ఆసుపత్రిలో తీసుకుంటే అక్కడే ఇవ్వండి. వీలు లేకపోతే మాత్రలను అట్టలోంచి తీయండి. మట్టిలోనో, వాడేసిన టీ పొడిలోనో కలపండి. కవరులో వేసి మూతి గట్టిగా కట్టండి. పైన "పాడైన మందులు" అని రాసిన చీటీ అంటించండి. రాయడం మనకు వచ్చు కదా! చెత్తబండి వాళ్లకు విడిగా ఇవ్వండి. సూదులను మాత్రం మూత ఉన్న గట్టి డబ్బాలో వేసి ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఇంకొక్క మాట. మందులు కొనేటప్పుడే చీటీలో రాసినన్ని అడిగి కొనండి. డబ్బు మిగులుతుంది, మందు మిగలదు.

ఈ రోజే మీ గూడు దులపండి. ఒక్కో అట్టా తీసి తేదీ చదవండి. నేర్చిన అక్షరం ఇంటిల్లిపాదినీ కాపాడుతుంది.