వినబడుట వేరు, తెలియుట వేరు

(సంఘ పెద్దల కూటములో చేసిన ప్రసంగ పాఠము)



మన పెద్ద దేవాలయములలో వెనుక బల్లలపై కూర్చుండు వృద్ధులను అడిగి చూడుడి. "శబ్దము బాగానే వచ్చుచున్నదయ్యా, మాట మాత్రము తెలియుటలేదు" అందురు. మనము వెంటనే మైకు పెంచుదుము. మరి రెండు లౌడు స్పీకర్లు కట్టింతుము. మాటతోపాటు మోతయు పెరుగును. వృద్ధుడు మరుసటి ఆదివారము ఊరక కూర్చుండి లేచిపోవును.

ఇందుకు కారణమేమి? మాటలో అచ్చులు బలమైనవి, హల్లులు బలహీనమైనవి. రాతి గోడలకు, ఎత్తైన కప్పుకు తగిలి తిరిగివచ్చు అచ్చుల మోత వెనువెంట వచ్చు హల్లులను మ్రింగివేయును. అప్పుడు పాపము, శాపము, తాపము అను మూడు మాటలును చెవికి ఒకటే.

ఈ మోతను మొదట శ్రద్ధగా కొలిచినవాడు అమెరికాలోని హార్వర్డు ఆచార్యుడు వాలెస్ సాబిన్. 1895లో అక్కడి ఒక ఉపన్యాసశాలలో పలికిన మాట అయిదున్నర సెకన్లు మ్రోగుచుండెడిది. ఆయన నాటకశాల మెత్తలు తెచ్చి పరచి, అవి ఎంత మోతను పీల్చునో లెక్కగట్టెను. తెరలు, చాపలు, నిండిన జనము చేయు మేలు ఇదియే.

రెండవ చిక్కు దూరము. ధ్వని గాలిలో సెకనుకు సుమారు 1,130 అడుగులు పోవును. 1924లో ప్రతిష్ఠింపబడిన మెదకు కెథీడ్రల్ పొడవు 200 అడుగులు. అంత దూరము దాటుటకు ధ్వనికి సెకనులో ఆరవ వంతుకు పైగా పట్టును. తీగ వెంట వచ్చు మాటయో తక్షణమే వెనుక స్పీకరులో పలుకును. ఒక్క మాట రెండుమారులు వినబడి కలగాపులగమగును.

లండనులోని సెయింట్ పాల్ కెథీడ్రల్‌లో 1950 దశకపు ఆరంభమున పార్కిన్, టేలర్ అనువారు దీనికి ఉపాయము చేసిరి. పొడవైన స్తంభములవంటి స్పీకర్లతో ధ్వనిని గుమ్మటము మీదికి పోనీయక జనుల వైపు మరల్చిరి. తిరుగుచుండు అయస్కాంత చక్రముపై మాటను క్షణకాలము నిలిపి, వెనుక స్పీకర్లకు ఆలస్యముగా పంపిరి. రెండు ధ్వనులు కొద్ది వందవ వంతుల సెకను తేడాలో వచ్చినచో, చెవి వాటిని ఒక్కటిగా గ్రహించి, ముందు వచ్చిన దిక్కునుండియే వినుచున్నట్లు తలచునని జర్మనీలో హెల్ముట్ హాస్ 1949లో చూపియుండెను. నేడు ఆ పనిని చిన్న డిజిటల్ పెట్టె చేయుచున్నది. మాటకు అంతగా అక్కరలేని బొంగురు మోతనుకూడ అది తగ్గింపగలదు.

రికార్డింగులోను, టెలిఫోనులోను వచ్చు మోతను లెక్కగట్టి తీసివేయు కంప్యూటరు పద్ధతులును నేడు కలవు. అయితే హాలు గాలిలో ఒకమారు కలిసిపోయిన ధ్వనిని అక్కడ కూర్చున్నవారి కొరకు ఏ పెట్టెయు విడదీయజాలదు. కావున ముందు తెరలు, చాపలు. తరువాత జనులకు దగ్గరగా స్పీకర్లు. ఆ పిమ్మట పెట్టె. బోధకులమైన మనము నోటికి దగ్గరగా మైకు ఉంచుకొని, నిదానముగా పలుకవలెను. వాడని మైకులు ఆపివేయవలెను.

డబ్బు ఖర్చుపెట్టుటకు ముందు ఒక పరీక్ష చేయుదము. ఒకరు వేదికనుండి పొంతన లేని నూరు మాటలు చదువవలెను. కడపటి బల్లపై ఒక వృద్ధుడు తనకు వినబడినట్లు చెప్పగా ప్రక్కవారు వ్రాయవలెను. ఎన్ని సరిపోయినవో లెక్కించుడి. ఏ కంపెనీ మనుష్యుని మాటకంటె ఆ లెక్కయే మనకు నమ్మదగినది.