సీమ చర్చలో మన కుర్చీ

(లేపాక్షిలో శని, ఆదివారాలలో జరిగిన రాయలసీమ రాజకీయ, సాంస్కృతిక చర్చా సదస్సు రెండవ రోజున చేసిన ప్రసంగ పాఠం)

 

నిన్న ఉదయం నుండి ఈ సభలో నీళ్ల గురించి, వలసల గురించి, సీమ భాష గురించి, సాహిత్యం గురించి ఎన్నో మంచి మాటలు విన్నాము. కార్యక్రమ పత్రంలో మాకు కేటాయించిన అంశం 'మైనారిటీల సమస్యలు'. నిర్వాహకులు అభిమానంతోనే ఆ అంశం ఇచ్చారు. వారి అనుమతితో దానిని కొంచెం మార్చుకుంటున్నాము. సీమ సమస్యల గురించి ఇక్కడి ముస్లిములు ఏమనుకుంటున్నారో చెప్పదలచుకున్నాము. ఖబరస్తాన్ గోడ, ఈద్గా స్థలం, రిజర్వేషన్, వక్ఫ్ ఆస్తులు ఇవన్నీ ముఖ్యమైనవే. వాటి గురించి మాట్లాడే సభలు మనకు వేరే ఉన్నాయి. ఈ సభ మాత్రం సీమది. సీమ తన గురించి తాను మాట్లాడుకునే చోట మన కుర్చీ ఎక్కడ ఉన్నదన్నదే ఈనాటి మా ప్రశ్న.

ఇటువంటి సభలు మన ప్రాంతానికి కొత్త కావు. 1928 నవంబరు 17, 18 తేదీలలో నంద్యాలలో ఆంధ్ర మహాసభ జరిగింది. అవి కూడా శని, ఆదివారాలే. అప్పటివరకు మన జిల్లాలను 'దత్త మండలాలు' అనేవారు. 1800లో నిజాము ఈ ప్రాంతాన్ని ఇంగ్లీషు కంపెనీకి అప్పగించాడు కనుక ఆ పేరు వచ్చింది. ఒకరు ఇస్తే మరొకరు పుచ్చుకున్న భూమి అన్న ఆ పేరు ఇక్కడివారికి నచ్చలేదు. నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు గారు సూచించిన 'రాయలసీమ' అన్న పేరు నిలిచిపోయింది. ఆయన అనంతపురం కళాశాలలో అధ్యాపకులు. ఒక ప్రాంతం తన పేరును తానే పెట్టుకొన్నది రెండు రోజుల సభలో. సభలలో మాటలే తప్ప ఏమీ జరగదని నిట్టూర్చేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

రాయలవారి పేరు వినగానే మన పిల్లలలో కొందరు 'అది మనది కాదేమో' అనుకుంటారు. మేము వారికి చరిత్ర చెబుతుంటాము. విజయనగర ప్రభువు రెండవ దేవరాయలు తన సైన్యంలో ముస్లిము రౌతులను, విలుకాండ్రను చేర్చుకొన్నాడు. వారి ప్రార్థనలకు వీలు కల్పించాడు. 1565 యుద్ధం తరువాత రాయల రాజధాని మన పక్కనున్న పెనుకొండకు మారింది. ఆ పెనుకొండలోనే బాబా ఫక్రుద్దీన్ దర్గా ఉన్నది. ఉర్సుకు వచ్చే జనంలో ఎవరు ఏ మతమో ఎవరూ అడగరు. నార్పల మండలం గూగూడులో కుళ్లాయప్ప పీర్ల ముందు నిలబడే భక్తులలో హిందువులే ఎక్కువ. వీరభద్రుని ఆలయం నీడలో బతికే ఈ లేపాక్షిలోను, చుట్టుపక్కల పల్లెలలోను మన కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. రాయలసీమ అన్న పేరులో మనకు వాటా ఉన్నది. ఆ వాటాను ఎవరో వచ్చి ఇవ్వనక్కరలేదు, మనం వదులుకోకుండా ఉంటే చాలు.

పేరు తరువాత హక్కుల మాట. 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు గారి ఇంట్లో కోస్తా, సీమ నాయకులు కూర్చుని ఒప్పందం రాసుకున్నారు. ఆ ఇంటి పేరే శ్రీబాగ్. సంతకం చేసినవారిలో మన హిందూపురం ప్రాంతపు కల్లూరి సుబ్బారావు గారు ఒకరు. అనంతపురంలో విశ్వవిద్యాలయ కేంద్రం, కృష్ణా, తుంగభద్ర, పెన్నా నీటిలో పదేళ్లపాటు సీమకు మొదటి ప్రాధాన్యం, రాజధాని లేదా హైకోర్టు ఏదో ఒకటి సీమకు ఎంచుకొనే అవకాశం అందులోని ముఖ్యాంశాలు. 1953లో కర్నూలు రాజధాని అయింది. మూడేళ్లకే అది తరలిపోయింది. శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం అనంతపురానికి 1981లో దక్కింది. హంద్రీ-నీవా కాలువ ద్వారా కృష్ణా నీరు జీడిపల్లి జలాశయానికి చేరింది 2012లో. ఒప్పందానికి, నీటికి మధ్య 75 ఏళ్లు గడిచాయి.

మేము జీవితమంతా ప్రభుత్వ కార్యాలయాలలో కాగితాల మధ్య గడిపినవాళ్లం. మాకు శ్రీబాగ్ ఒడంబడిక చదివినప్పుడల్లా ఒక గుమాస్తా బుద్ధి పుడుతుంది. ఏ పనిని ఎవరు చేయాలి, ఏ తేదీలోగా చేయాలి, చేయకపోతే ఎవరిని అడగాలి అన్న మూడు సంగతులు కాగితం మీద లేకపోతే ఎంత పెద్దవారు సంతకం పెట్టినా ఆ ఫైలు అలమరలోకే పోతుంది. మాట తీసుకున్నవాళ్లు మాట ఇచ్చినవాళ్ల వెంటపడాలి. వెంటపడేవారి సంఖ్య ఎంత ఎక్కువైతే ఫైలు అంత త్వరగా కదులుతుంది. మనం ఆ గుంపులో లేకపోవడం వలన నష్టపోయింది మనమొక్కరమే కాదు, సీమ అంతా కూడా.

ఉదాహరణకు కరువునే తీసుకుందాం. అనంతపురం సీమలో ఏడాది సగటు వర్షం దాదాపు 550 మిల్లీమీటర్లు. అదీ వేళకు రాదు. వేరుశనగ పూత మీద ఉన్నప్పుడు మొగం చాటేస్తుంది. పంట పోతే పట్టాదారు పాసుపుస్తకం ఉన్న రైతుకు ఎంతో కొంత పెట్టుబడి రాయితీ వస్తుంది. రావాలి కూడా. మరి ఆ రైతు చేతిలో డబ్బు ఆడనందువల్ల సంతలో గాజులు అమ్ముడుపోని మన చెల్లెలి సంగతేమిటి? కూలి దొరకని దూదేకుల సోదరుడి సంగతేమిటి? రేకు డబ్బాలకు మాట్లు వేసేవాడు, మాంసం కొట్టు పెట్టుకున్నవాడు, తోపుడు బండివాడు, గూళ్లు ఖరీదై పట్టు రీలింగు ఆపుకున్న హిందూపురం కుటుంబం, వీరిలో ఎవరికీ పాసుపుస్తకం లేదు. కనుక కరువు లెక్కలో వీరు లేరు. ఒకసారి కరువు సాయం జాబితా తయారవుతున్న కార్యాలయానికి మా వీధివాళ్లు అర్జీ పట్టుకెళ్లారు. 'మీకు భూమి లేదు కదా, మీకు కరువేమిటి?' అని అక్కడివారు అడిగారు. అడిగినవారిలో దురుద్దేశం ఏమీ లేదు. వారి ముందున్న ఫారంలో ఆ గడే లేదు.

ఆ గడి గీయించే పని ఎవరిది? దానిని మనం 'ముస్లిముల సమస్య'గా అడిగితే మైనారిటీ శాఖకు పంపుతారు. అక్కడ కరువుకు పద్దు ఉండదు. దానినే సీమ సభలో, భూమిలేని మాల, మాదిగ, బోయ, వడ్డెర, కురుబ కుటుంబాలతో కలిసి 'కరువు అంటే పొలం ఒక్కటే ఎండడమా?' అని అడిగితే, అది సీమ ప్రశ్న అవుతుంది. జవాబు చెప్పవలసిన బాధ్యత ప్రభుత్వం మీద పడుతుంది. మా ప్రసంగం మొత్తంలో ఈ ఒక్క సంగతి గుర్తుంచుకున్నా చాలు.

మన ఇళ్లలో పెద్దలు 'సియాసత్ మనకెందుకు బేటా, పని చూసుకో' అంటుంటారు. వారి భయం మాకు తెలుసు. నోరు తెరిచినవాడికే ఇబ్బందులు వస్తాయన్న అనుభవం దాని వెనుక ఉన్నది. కాని నోరు మూసుకున్నవారికి కాలువ దారి మళ్లి రాలేదు కదా! సంప్రదింపును మన ధర్మం ఎంత గౌరవించిందంటే ఖుర్ఆన్‌లో ఒక సూరా పేరే 'షూరా'. మసీదులో మష్వరాకు అలవాటుపడిన మనం ఊరి మష్వరాకు వెళ్లడానికి వెనుకాడుతున్నాము.

దూరదేశపు ఉదాహరణ ఒకటి చెబుతాము. స్కాట్లాండు బ్రిటన్‌లో ఒక భాగం. తన చట్టసభ తనకు కావాలని అక్కడివారు చాలాకాలం చర్చించుకున్నారు. 1979లో ప్రజాభిప్రాయ సేకరణ జరిగితే పోలైన ఓట్లలో ఎక్కువ అనుకూలంగా వచ్చాయి. అయితే మొత్తం ఓటర్లలో 40 శాతం అనుకూలంగా ఓటు వేయాలన్న నిబంధన వలన అది వీగిపోయింది. వారు నిరాశపడి ఊరుకోలేదు. 1989లో పార్టీలు, చర్చిలు, కార్మిక సంఘాలు, స్థానిక సంస్థలు కలిసి ఒక సభగా ఏర్పడి, ఏళ్ల తరబడి చర్చించి, ఎలాంటి చట్టసభ కావాలో కాగితం మీద పెట్టాయి. 1997లో ప్రజలు ఒప్పుకున్నారు. 1999లో చట్టసభ వచ్చింది.

ఆ దేశంలో ముస్లిములు తక్కువమందే. 1970లో బషీర్ మాన్ అనే ఆయన గ్లాస్గో నగర మండలికి ఎన్నికయ్యారు. ఆ తరువాతి తరంలో హమ్జా యూసఫ్ అనే యువకుడు 2016లో అక్కడి సంప్రదాయ దుస్తు కిల్టు కట్టుకొని, ఇంగ్లీషుతో పాటు ఉర్దూలోను ప్రమాణం చేసి రెండవసారి సభ్యుడయ్యాడు. 2023లో ఆ ప్రాంత ప్రభుత్వానికే అధినేత అయ్యాడు. ఏడాది తిరిగాక పదవి పోయింది, అది వేరే సంగతి. ఆ ఎదుగుదల వెనుక మైనారిటీ కోటా ఏదీ లేదు. స్కాట్లాండు భవిష్యత్తు గురించిన చర్చలో ఆయన స్కాట్లాండువాడిగా కూర్చున్నాడు. ఉర్దూను ఇంటి వద్ద వదిలిపెట్టనూ లేదు. మన పరిస్థితులు వేరు, మన చరిత్ర వేరు. అయినా ఆ రెండూ ఒకే మనిషిలో ఇమడగలవని మన పిల్లలకు చూపించడానికి అది పనికివస్తుంది.

అంత దూరం పోనక్కరలేదు. కర్నూలులో డాక్టర్ అబ్దుల్ హఖ్ గారు 1947లో ఉస్మానియా కళాశాల స్థాపించారు. అది ముస్లిములు పెట్టిన కళాశాల. అందులో చదువుకున్నది సీమ పిల్లలందరూ. మనం సీమకు ఇచ్చినదానిలో అదొక మంచి నమూనా.

ఇప్పుడు సభ నిర్వాహకులకు మూడు మనవులు. ఇకముందు ముస్లిము వక్తలను నీళ్ల గోష్ఠికి, విద్యా గోష్ఠికి, సాహిత్య గోష్ఠికి పిలవండి. వేంపల్లె షరీఫ్ 'జుమ్మా' కథలు మైనారిటీ సాహిత్యమే, సీమ కథలు కూడా. ఆయన పుస్తకం రెండు బీరువాలలోను ఉండాలి. రెండవది, జొహర్ నమాజు వేళకు భోజన విరామం ఇస్తే చాలు, మావాళ్లు మధ్యలో లేచి వెళ్లవలసిన పని ఉండదు. మూడవది, ఆడవాళ్లు వచ్చేలా చూడండి. కడవతో నీళ్లకోసం నిలబడేది వాళ్లు. మా ఇళ్లలో చాలామంది ఆడవాళ్లు ఉర్దూలో అయితే ధారాళంగా చెప్పగలరు. వారిని ఉర్దూలోనే చెప్పనివ్వండి, తెలుగులో చెప్పడానికి పక్కన ఒకరిని కూర్చోబెడదాం.

మనవారికి కూడా మూడు మాటలు. బెంగళూరులో పనిచేసే మన కుర్రవాళ్లు శనివారం రాత్రి రైలు దిగుతారు, ఆదివారం సాయంత్రం మళ్లీ ఎక్కుతారు. ఈ సభలు వారాంతంలో పెడుతున్నది వారికోసమే. ఒక పూట ఇక్కడికి పంపండి. రెండవది, వచ్చేటప్పుడు వీధి సమస్యను లెక్కతో సహా రాసుకొని తీసుకురండి. మూడవది, సభ ముగిసే లోపల ఏ తీర్మానం ఎవరు ఎవరికి ఎప్పుడు అందజేస్తారో రాయించుకొని వెళ్లండి. ఆ రాతపని మేము చేస్తాము. ఈ వయసులో మాకు చేతనైన సేవ అది.

బయట ఆలయంలో వేలాడే స్తంభం ఉన్నది. దాని కింద నుండి గుడ్డ లాగి చూడటానికి దూరం నుండి జనం వస్తారు. కప్పును మోస్తున్నట్టే కనిపిస్తుంది, నేలకు సరిగా ఆనదు. శిల్పంలో అది అద్భుతం. ఒక జనసమూహం మాత్రం అలా ఉండకూడదు. ఈ నేల మీద మనం కాళ్లూని నిలబడదాం.

వచ్చే సభకు కార్యక్రమ పత్రం రాసేటప్పుడు మా పేరు నీళ్ల గోష్ఠి కింద వేయవలసిందిగా కోరుతూ సెలవు తీసుకుంటున్నాము. ఖుదా హాఫిజ్.