పిడికెడు గింజల సంఘం
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన బడి గురించి ఈరోజు చాలామంది మాట్లాడతారు. బడి పక్కనున్న చర్చి గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు నన్ను అడిగారు. మన సీమ పల్లెల్లో మిషన్ బడి, ప్రార్థన మందిరం చాలాచోట్ల ఒకే గది. వారమంతా పిల్లలు పలకలు పట్టుకుని కూర్చున్న చోటే ఆదివారం పెద్దలు చాపలు పరుచుకునేవారు. పంతులు, ఉపదేశి ఒకరే. కాబట్టి ఆ సంఘం కథ మనలో చర్చికి వెళ్లనివారికి కూడా సొంత కథే.

లండన్ మిషన్ వాళ్లు తెలుగునాట మొదట అడుగుపెట్టింది సముద్రపు ఒడ్డున, 1805లో, విశాఖపట్నంలో. ఈ దత్త మండలాలను నిజాం 1800లోనే కుంపిణీకి అప్పగించాడు. 1810లో జాన్ హ్యాండ్స్ బళ్లారికి వచ్చారు. 1822లో కడపలో పని మొదలైంది. గుత్తి 1881లో సొంత కేంద్రమైంది. 1876-78 నాటి ధాత కరువు గడిచి అప్పటికి మూడేళ్లే. అనంతపురం జిల్లా ఏర్పడింది 1882లో. అంటే గుత్తి మిషన్ మన జిల్లా కంటే ఒక ఏడాది పెద్దది!

సంఘంలో చేరినవాళ్లలో ఎక్కువమంది ఊరి బావిలో చేద వేయనివ్వని ఇళ్లవాళ్లు. బాప్తిస్మం రిజిస్టరులో వాళ్ల పేరు, తండ్రి పేరు, ఊరి పేరు సిరాతో రాశారు. చాలా కుటుంబాలకు కాగితం మీద పేరెక్కడం అదే మొదలు. అలాగని అక్కడ అంతా ఒకటైపోయారని నేను చెప్పను. ప్రభువు బల్ల దగ్గర పక్కపక్కన మోకరించినవాళ్లు పెళ్లి సంబంధాల దగ్గర మళ్లీ ఎవరి కులం వాళ్లు వెతుక్కున్నారు. ఇప్పటికీ వెతుక్కుంటున్నారు.

సంఘాలు కలవడం కూడా అంత తేలిగ్గా జరగలేదు. 1908లో లండన్ మిషన్ సంఘాలు, ప్రెస్బిటేరియన్లు కలిసి దక్షిణ భారత ఐక్య సంఘమయ్యారు. 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కెథడ్రల్‌లో ఆ సంఘమూ, మెథడిస్టులూ, ఆంగ్లికన్లూ ఒకటై సి.ఎస్.ఐ. ఏర్పడింది. మెతుకుసీమలో మెదక్ చర్చి కట్టిన మెథడిస్టులు, ఇక్కడి మన గుత్తివాళ్లు ఆరోజు నుంచి ఒకే సంఘం బిడ్డలు. కానీ పక్కనే ఉన్న నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్లలో చాలామంది బయటే ఉండిపోయారు. వాళ్లు వచ్చి చేరింది 1975లో. ఇరవై ఎనిమిదేళ్లు పట్టింది! ఒక సీమవాళ్లం, ఒక భాషవాళ్లం, ఒకే బైబిలు చదివేవాళ్లం. అయినా అంత కాలం పట్టింది.

మరి ఇన్ని చీలికల మధ్య, ఇన్ని కరువుల మధ్య చిన్న చిన్న పల్లె సంఘాలు ఎట్లా నిలిచాయి? నేను చూసింది చెప్తాను.

మా అవ్వ పొయ్యి మీద ఎసరు పెట్టినప్పుడల్లా ఒక పిడికెడు గింజలు తీసి పక్కనున్న కుండలో వేసేది. బియ్యమైతే బియ్యం, కొర్రలైతే కొర్రలు. ఆదివారం ఆ కుండ చర్చికి పోయేది. అన్ని ఇళ్ల గింజలూ ఒక గోతాంలో పడేవి. అందులో కొంత అమ్మి పంతులుగారి జీతానికి కలిపేవారు. పొయ్యి వెలగని ఇల్లేదో సంఘపెద్దకు తెలుసు. చీకటి పడ్డాక ఎవరో ఒకరు ఆ ఇంటికి కొంత చేర్చేవారు. ఎవరికిచ్చారో ఆదివారం నాడు చదివేవారు కాదు. కోత పండుగకు శెనక్కాయలు, గుమ్మడికాయలు, కోళ్లు వేలంపాటకు వచ్చేవి. వానలు ఎగ్గొట్టిన ఏడు వేలానికి ఒక్క గుమ్మడికాయే వస్తే, కొన్నవాడు దాన్నే మళ్లీ వేలానికి పెట్టేవాడు. అదే కాయ నాలుగుసార్లు అమ్ముడుపోయేది!

నేను నీటిపారుదల ఇంజనీరును. మన జిల్లాకు ఏడాదికి పడేది సుమారు 550 మిల్లీమీటర్ల వాన. అదీ ఒక్కోసారి నాలుగు రోజుల్లో కురిసి పోతుంది. అందుకే మన పెద్దలు చెరువులు తవ్వారు. పడిన రోజు ఆపుకుంటేనే పడని రోజు గడుస్తుంది. మా అవ్వ కుండ కూడా అలాంటి చెరువే అని నాకు ఉద్యోగంలో చేరాక అర్థమైంది.

ఇప్పుడు ఆ పల్లెల నుంచి పడుచువాళ్లు బెంగళూరు పనులకు వెళ్లిపోయారు. కొన్నిచోట్ల ఆదివారం పదిమంది ముసలివాళ్లే కూర్చుంటున్నారు. పాత రిజిస్టర్లు బీరువాల్లో చెదలు తింటున్నాయి. అవి పోతే ఆ పేర్లు మళ్లీ దొరకవు. మనవాళ్లలో చాలామందికి తాతకు తండ్రి ఎవరో చెప్పే కాగితం అదొక్కటే.

స్వర్ణోత్సవ నిధితో స్వాగత ద్వారం కట్టాలని కొందరు అంటున్నారు. కట్టండి, లెక్కలు నేను వేసిస్తాను. కానీ దానికి ముందు ఒక పని చేద్దాం. ఈ దసరా సెలవుల్లో ఒక్కొక్కరం ఒక్కో పల్లెకు వెళ్దాం. పాస్టరుగారి అనుమతితో రిజిస్టరులోని ప్రతి పేజీనీ ఫోటో తీద్దాం. ఎనభై దాటినవాళ్లు చెప్పేది ఫోనులో రికార్డు చేద్దాం. మతం ఏదైనా పరవాలేదు, ఆ గదిలో పలక పట్టినవాళ్లం కదా.

మొదటి పల్లె నాకు రాసుకోండి. సెలవు.