పింఛను తీసుకుంటున్నారు సరే, మాత్ర వేసుకుంటున్నారా?

నెలనెలా వచ్చే రూ.4,000 ఏఆర్‌టీ పింఛను సంగతి మీకు తెలిసిందే. ఇవాళ మాత్ర గురించే మాట్లాడతాను.

సెంటర్లో ఉచితంగా ఇచ్చే టీఎల్‌డీ చూడ్డానికి ఒక్క మాత్రే గానీ, అందులో టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ అని మూడు మందులున్నాయి. మూడూ కలిసి వైరస్‌ను పెరగనివ్వవు. ‘ఒంట్లో బాగానే ఉందిగా’ అని మధ్యలో మానేస్తే వైరస్ మళ్లీ పెరుగుతుంది. తర్వాత అదే మందుకి లొంగకపోవచ్చు.

చాలామంది అడగని విషయం ఒకటుంది. కడుపులో మంటకి తాగే గ్యాస్ సిరప్ ఈ మాత్ర పనిని తగ్గిస్తుంది. మాత్ర వేసుకున్న రెండు గంటల తర్వాతే సిరప్ తాగండి. ముందే తాగేస్తే మాత్రకి ఆరు గంటలు ఆగాలి. టీబీ, షుగర్ మందులు వాడేవాళ్లు సెంటర్ డాక్టరుకి తప్పకుండా చెప్పండి.

ఎవరైనా చూస్తారని సెంటర్‌కి రావడం మానొద్దు. 2017 చట్టం ప్రకారం మీ వివరాలు గోప్యంగా ఉంచాల్సిందే. సందేహం వస్తే 1097కి ఫోన్ చేయండి, డబ్బులు పడవు.